గోడపేట మూడు ప్రశ్నలు

నమోదు 41. సోమవారం

పొద్దుటి తరగతికి పంతొమ్మిది మంది వచ్చారు. గుమ్మం దగ్గర స్టీలు బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరూ చెవిలోంచి పూస తీసి అందులో వేసి లోపలికి రావాలి. రోజూ ఉండే పనే, రోజూ గొడవే.

"ఒక్క నిమిషం టీచరుగారూ, మా నాన్న ఏదో సెప్తన్నాడు," అన్నాడు దాలయ్య. అతను పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. వాళ్ళ నాన్న పోయి పదకొండేళ్ళయింది.

పూస ఎవరి చెవిలో ఉంటే, వాళ్ళు అందరికంటే ఎక్కువగా నమ్మే మనిషి గొంతుతో మాట్లాడుతుంది. వార్తలు, వాన కబుర్లు, పక్క వీధి సంగతులు, అన్నీ ఆ గొంతుతోనే. సన్నెమ్మకు వాళ్ళమ్మ గొంతు. నాకు మా పెద్దక్క గొంతు. పూస తీసిన కాసేపటి వరకు వీళ్ళకు ఏమీ తోచదు. చెవులు రుద్దుకుంటూ కూర్చుంటారు. ఆ పది నిమిషాలూ నేను బోర్డు తుడుస్తూ గడుపుతాను.

బోర్డు మీద మూడు ప్రశ్నలు ఎప్పుడూ ఉంటాయి. ఎవరు చెప్పారు? చెప్పినవాళ్ళకు ఏం లాభం? ఇంకెవరైనా అదే చెప్పారా? నాలుగేళ్ళ కిందట ఒక పుకారు మీద పేటలో రెండు వీధులు కత్తులు తీశాయి. ఆ తరువాతే ఈ వివేక తరగతులు పెట్టారు. అరవై రోజులు వచ్చి పరీక్ష పాసవకపోతే పూసలో వార్తలు ఆపేస్తారు. అందుకని వస్తారు. సన్నెమ్మ ఒక్కతే ఇష్టంగా వస్తుంది. పొద్దున్నే నెత్తళ్ళు ఎండకు పరిచి, చేతులు కడుక్కుని, ముందు వరసలో కూర్చుంటుంది. ఆమె చేతులు ఎంత కడిగినా చేపల వాసనే. తల మాత్రం చాకులాంటిది.

ఈ నమోదు పుస్తకం చేత్తోనే రాయమని ఇన్‌స్పెక్టరుగారి ఆజ్ఞ. తెర మీద రాసింది తెల్లారేసరికి మారిపోతోందట.

నమోదు 42. మంగళవారం

పాఠం మధ్యలో కోదండు వచ్చాడు. సముద్రపు గోడ మీద నడిచే కాపలాదారు. మా నాలుగు ఊళ్ళనూ సముద్రం మింగేశాక, ఆ గోడ కట్టి, దాని వెనక మమ్మల్ని తెచ్చి పెట్టారు. అప్పటినుంచీ అతనిదే ఆ పని. రోజుకు రెండుసార్లు గోడ పొడవునా నడవడం, చూడడం, సుద్దముక్కతో గీతలు పెట్టడం. అతను పూస పెట్టుకోడు. చెవి మూసుకుంటే అలల చప్పుడు తెలియదంటాడు.

గుమ్మంలో చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మా, పదిహేడో తంబం కాడ గోడ బీటేసింది. నా సెయ్యి మణికట్టు దాకా దూరతన్నాది. అమాస పోటుకి ఆగదు. కింద వరస ఇళ్ళోళ్ళని ఎత్తు మీదకి ఎల్లిపొమ్మని మీరు సెప్పండి. నా మాట ఎవుడూ ఇనట్లేదు."

"ఆఫీసులో చెప్పావా?"

"సెప్పినాను. కంపూటర్లో గోడ బాగున్నాదంట."

తరగతి అంతా అతని వైపు తిరిగింది. నాకు మంచి అభ్యాసం దొరికిందనిపించింది. పుస్తకంలోని ఉదాహరణలు వీళ్ళకు విసుగు. ఇదైతే వాళ్ళ ఊరి సంగతి, మనిషి ఎదురుగా ఉన్నాడు. "సరే, మూడు ప్రశ్నలూ వేయండి చూద్దాం," అన్నాను.

సన్నెమ్మ లేచింది. "ఎవరు సెప్పారు? కోదండు మావ ఒక్కడే సెప్పినాడు. ఏటి లాభం? ఈ నెలాఖరుకి కాపలా ఉద్యోగం తీసెత్తన్నారు. గోడకి సెన్సర్లున్నాయి గదా, మనిసెందుకని. గోడ పాడైందంటేనే ఈయన ఉద్యోగం నిలుత్తాది. ఇంకెవరైనా సెప్పినారా? లేదు. పొద్దున్న అందరి పూసల్లోనూ గోడ బాగున్నాదనే వచ్చింది. మాయమ్మా సెప్పింది, దాలయ్యకి వాళ్ళ నాన్నా సెప్పినాడు." ఆగి, కోదండు వైపు చూసి, "నువ్వు సెడ్డోడివని అనట్లేదు మావా," అంది.

అందరూ బల్లలు చరిచారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత శుభ్రమైన జవాబు నేను వినలేదు. అక్కడికక్కడే పదికి పది వేశాను.

కోదండు అందరి ముఖాలూ చూశాడు. "మరి గోడ సంగతేటి?" అన్నాడు.

కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి నేనూ పూసను అడిగాను. "గోడ నిక్షేపంగా ఉంది, నువ్వు నిశ్చింతగా ఉండు," అంది అక్క. అక్క చెబితే చిన్నప్పటినుంచీ నాకు ధైర్యం.

నమోదు 43. గురువారం

రెండు రోజులుగా కోదండు ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. తప్పు జవాబు చెప్పింది ఎవరూ లేరు. అయినా ఎక్కడో తప్పు జరిగింది.

ఈ రోజు తరగతిలో పంతొమ్మిది మందికీ తలా ఒక కాగితం ఇచ్చాను. గోడ గురించి పూస ఏం చెప్పిందో గుర్తున్నంత వరకు ఉన్నదున్నట్టు రాయమన్నాను. పక్కవాళ్ళది చూడొద్దన్నాను. తరువాత కాగితాలన్నీ బల్ల మీద పరిచాను.

సన్నెమ్మ కాగితం: గోడ నిక్షేపంగా ఉంది అమ్మడూ, నువ్వు నిశ్చింతగా ఉండు. దాలయ్య కాగితం: గోడ నిక్షేపంగా ఉందిరా దాలీ, నువ్వు నిశ్చింతగా ఉండు. పంతొమ్మిదీ అంతే. పిలుపు ఒక్కటే మారింది. నాది ఇరవయ్యోది.

గోడపేటలో ఎవరైనా 'నిక్షేపంగా' అంటారా? వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ మాట అని ఎరుగునా అని సన్నెమ్మను అడిగాను.

ఆమె నవ్వింది. "లేదు టీచరుగారూ. మాయమ్మకి తిట్లు తప్ప ఏటొచ్చు?"

"మరి? పంతొమ్మిది మంది చెప్పారా, ఒక్కరు చెప్పారా?"

అందరూ కాగితాల మీదికి వంగారు. తెలిసిపోయింది వీళ్ళకు, అనుకున్నాను.

దాలయ్య గొంతు సవరించుకున్నాడు. "నిజం ఒకటే అయినప్పుడు మాట కూడా ఒకటే ఉంటాది గదండి. అబద్దమైతే గదా తలా ఒకలాగ సెప్తారు?"

అందరూ తలలూపారు. వాళ్ళను తప్పు పట్టలేకపోయాను. పోలీసు సాక్ష్యాల పాఠంలో ఆ ముక్క నేర్పింది నేనే.

నమోదు 44. శుక్రవారం

తరగతికి సెలవిచ్చి గోడ దగ్గరికి నడిచాను. మా వీధి నుంచి నలభై నిమిషాలు. ఈ పేటకు వచ్చి ఇన్నేళ్ళయినా పదిహేడో స్తంభం దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళే అవసరం ఏముంది? అన్నీ పూసే చెబుతుంది.

కోదండు గునపంతో గోడ పై గచ్చు చెక్కుతున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"లోతెంతో తెలాలి గదమ్మా. పైకి అగుపడేది కొంతే."

సుద్దగీతలు చూపించాడు. ప్రతి గీత పక్కన తేదీ. వైశాఖంలో వేలెడు పొడవు. శ్రావణంలో జానెడు. ఇప్పుడు నా భుజం ఎత్తు నుంచి కాళ్ళ దాకా ఉంది. చెయ్యి పెట్టాను. మణికట్టు దాటి పోయింది. లోపల చల్లగా, తడిగా ఉంది. అల కొట్టిన ప్రతిసారీ రాయి వేళ్ళ మీద కదిలింది. చెయ్యి లాక్కున్నాను.

"మరి సెన్సర్లు?"

అతను స్తంభం పక్కనున్న చిన్న పెట్టె తెరిచాడు. తీగలు ఉప్పు తిని పచ్చగా పొడిపొడిగా ఉన్నాయి. "ఇది సచ్చిపోయి ఎనిమిది నెల్లయింది. గోడ పాడైతే అరవాల గదా, ఇది అరవదు. అరవట్లేదు గాబట్టి గోడ బాగున్నాదని ఆళ్ళ లెక్క."

నేను అతనికి క్షమాపణ చెప్పాను. మంగళవారం అతన్ని నిలబెట్టి పాఠం చెప్పినందుకు. అతను దాన్ని పట్టించుకున్నట్టు లేదు. "కింద వరసలో ముప్పై రెండిళ్ళున్నాయమ్మా," అన్నాడు.

నమోదు 45. శనివారం

తరగతిలో చెప్పాను. నా కళ్ళతో చూశాను, ఈ చెయ్యి పెట్టాను అన్నాను. చెయ్యి చూపించాను కూడా. మోచేతి కింద గీసుకుపోయి ఉంది.

సన్నెమ్మ ఇబ్బందిగా కదిలింది. ఆమెకు నేనంటే గౌరవం. అయినా లేచింది, ఎందుకంటే లేవడం నేనే నేర్పాను.

"తప్పుగా అనుకోకండి టీచరుగారూ. మీదీ కోదండు మావదీ ఒకే ఊరు గదా, ములిగిపోక ముందు? పొద్దున్న పూసలో వచ్చింది, పాత ఊరోళ్ళు ఒకరికొకరు సాయపడతన్నారని, నమ్మొద్దని. మీకు లాభం లేదని నాకెలగ తెలుత్తాది?"

"అయితే నన్ను నమ్మొద్దు. నాతో రండి. మీరే చూడండి. నలభై నిమిషాలు."

ఒకామె పొయ్యి మీద అన్నం ఉందంది. ఇద్దరు బోటు పనికి వెళ్ళాలన్నారు. సన్నెమ్మ నెత్తళ్ళు తిరగెయ్యకపోతే పురుగు పడుతుందంది. అవి అబద్ధాలు కావు. ఎవరి పని వాళ్ళకు ఉంది. సన్నెమ్మ ఇల్లు కింద వరసలోనే, గోడకు ఎదురుగా. ఇంటి ముందు ఆమె మొగుడు గరగయ్య రోజంతా కూర్చుని వల బాగుచేస్తుంటాడు. ఆ మాటే అన్నాను.

"నా మొగుణ్ణి అడ్డెట్టి భయపెట్టకండి," అంది కోపంగా.

దాలయ్య ఒక్కడు వచ్చాడు. దారి పొడవునా ఇంజన్ల గురించి మాట్లాడాడు. బీట చూశాక మాట్లాడలేదు. వంగి చెయ్యి పెట్టాడు. తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇంజను మనిషి కదా, కదిలే వస్తువును చేత్తో తెలుసుకోగలడు.

"ఓలమ్మ. ఇది పోతాది టీచరుగారూ," అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇద్దరం ఆఫీసుకు పోదాం అన్నాను. వస్తానన్నాడు. దారిలో జేబులోంచి పూస తీసి చెవిలో పెట్టుకున్నాడు. నడుస్తూనే విన్నాడు. నడక నెమ్మదైంది. తరువాత నిలబడిపోయాడు.

"పాత గోడలకి చెమ్మ మామూలేనంట. పైన గచ్చు ఒక్కటే పగిలిందంట. లోపల గట్టిదేనంట."

"దాలయ్యా, ఇప్పుడే కదా నువ్వే అన్నావు!"

"అన్నానండి." నేల చూస్తూ నిలబడ్డాడు. "మా నాన్న గోడ మేస్త్రీ అండి. ఆడికంటే నాకు తెలుసేటి?"

ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ మనుషులెవరూ లేరు. తెరే ఫిర్యాదు తీసుకుంది. గోడ నిక్షేపంగా ఉందని, ఇదే స్తంభం గురించి ఒకే వ్యక్తి నుంచి ఏడు తప్పుడు ఫిర్యాదులు ఇదివరకే వచ్చాయని జవాబిచ్చింది.

నమోదు 46. సోమవారం

నిన్నంతా కింద వరసలో ఇంటింటికీ తిరిగాను. నాలుగు కుటుంబాలు సామాను సర్దుకుని ఎత్తు మీదికి వెళ్ళాయి. అన్నీ నేను చెప్పినందుకు కాదు. అందులో మూడిళ్ళకు చుట్టాల ఇంట్లో పెళ్ళి.

గరగయ్య వలలో సూది ఆపకుండానే నన్ను కూర్చోమన్నాడు. "మా ఆవిడ మీ గురించి ఎంత గొప్పగా సెప్తాదో తెలుసా? టీచరుగారు మాకు బుర్రెట్టింది అంటాది," అన్నాడు. "రేపు సూద్దాం లెండి. ఈ వల ఒక్కటి అయిపోనీండి."

మంచినీళ్ళు ఇచ్చాడు. తాగి వచ్చాను.

నమోదు 47. అమావాస్య మరునాడు

నిన్న పగలు పది దాటాక గోడ పోయింది. పదిహేడో స్తంభం నుంచి ఇరవయ్యో స్తంభం దాకా.

కోదండు అరగంట ముందు పళ్ళెం వాయిస్తూ కింద వరసలో పరిగెత్తాడు. తలుపులు కొట్టాడు. పిల్లల్ని ఎత్తుకుని బయట పడేశాడు. కొందరు బూతులు తిట్టి వెనక్కి వెళ్ళారట. కొందరు అతనితో పోయి బతికారు.

పదకొండు మంది పోయారు. గరగయ్య వలలోనే దొరికాడు.

ఇంకేమీ రాయలేను.

నమోదు 48. బడిలో శిబిరం, తొమ్మిదో రోజు

అందరం ఎత్తు మీద బడిలో ఉన్నాం. తరగతి గదిలో నలభై మంది పడుకుంటున్నారు. బేసిన్‌లో గంజి కాస్తున్నారు.

పూసల్లో ఒక ఫోటో వచ్చింది. పూసతో పాటు ఇచ్చే చిన్న తెర మీద అందరూ చూస్తున్నారు. కోదండు గునపం ఎత్తి గోడను కొడుతున్నాడు. దాని కింద, ఉద్యోగం పోతుందన్న కక్షతో గోడ పగలగొట్టాడని ఉంది. గోడ మీది కెమెరా తీసిన నిజమైన ఫోటోనే. శుక్రవారం నాటిది. నేను అక్కడే ఉన్నాను. ఫోటో అంచున నా చీర కొంగు ఉంది. అది నాదని ఎవరికీ తెలియదు.

గది మధ్యలో నిలబడి చెప్పాను. బీట ముందే ఉంది, అతను లోతు చూడడానికి గచ్చు చెక్కాడు, ఈ కొంగు నాది అన్నాను.

సన్నెమ్మ మూల నుంచి లేచి వచ్చింది. పది రోజుల్లో సగమైపోయింది. అరవలేదు. "ఎవరు సెప్పారు? మీరు. మీకేటి లాభం? మీ ఊరోడు. ఇంకెవరు సెప్పినారు?" ఫోటో ఉన్న తెర నా ముందు పెట్టింది. "ఫోటో ఉంది గదండి. మా ఆయన పోయినాడు గదండి. ఇంకేటి కావాల?"

దాలయ్య వైపు చూశాను. అతనొక్కడికే తెలుసు. గంజి గిన్నె పట్టుకుని గది గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

నమోదు 49. విచారణ

నన్ను సాక్షిగా పిలిచారు. ఈ పుస్తకం పట్టుకుని వెళ్ళాను. తెర మీద లేనిది, ఎవరూ మార్చలేనిది ఇదొక్కటే అని నమ్మకం. సుద్దగీతల గురించి, పెట్టె గురించి రాసిన పేజీలు చదివి వినిపించాను.

విచారణాధికారి ఓపికగా విన్నాడు. పుస్తకం అడిగి తీసుకుని వెనక్కి రెండు పేజీలు తిప్పాడు. "ఇది కూడా మీ చేతిరాతేనా అమ్మా? గట్టిగా చదవండి."

మంగళవారం పేజీ. కోదండుకు ఏం లాభమో సన్నెమ్మ చెప్పిన జవాబు. కింద నా చేత్తో నేనే వేసిన మార్కులు.

చదివాను.

"అంటే అతనికి కారణం ఉందని మీరూ ఒప్పుకున్నారు," అన్నాడు అధికారి. రాసుకున్నాడు.

కోదండు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆ రోజు మా గుమ్మంలో నిలబడినట్టే. ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. "కొత్త గోడకి పునాది రెండు మూరలు లోతుగా తియ్యండి బాబూ," అన్నాడు. అంతే. పద్నాలుగేళ్ళు వేశారు. అతనికి ఇప్పుడు అరవై మూడు.

నమోదు 50. బుధవారం

పూస పెట్టుకోవడం మానేసి మూడు వారాలు. ఇల్లు భరించలేనంత నిశ్శబ్దంగా ఉంది. రెండుసార్లు చెయ్యి పూస ఉన్న డబ్బా దాకా వెళ్ళింది. అక్క గొంతు కోసం, మరి దేనికీ కాదు.

గోడ మళ్ళీ కడుతున్నారు. కాపలాదారు లేడు. రోజూ పొద్దున్న నేను వెళ్ళి చూసి వస్తున్నాను. నాకేమీ తెలియదు, ఊరికే చూస్తాను. పునాది మామూలు లోతే తీశారు.

సాయంత్రం సన్నెమ్మ వచ్చింది. అరవై రోజుల హాజరు పూర్తయింది, పాసు కాగితం కావాలి. కూర్చోమన్నాను. కూర్చుంది.

"మా ఆయన గొంతు పెట్టించుకున్నాను టీచరుగారూ," అంది.

"అది గరగయ్య కాదు సన్నెమ్మా."

"నాకు తెల్దేటి?" అంది, కోపం లేకుండా. "ఆడికి ఆఖరి నీళ్ళు పోసింది నాను. మీ కాడ సదువుకున్నాను. పంతొమ్మిది కాయితాలు బల్ల మీద పరిసినప్పుడే నాకు తెలిసింది. ఆ రోజు ఇంటికెల్లి మాయమ్మని సెవిలోంచి తీసీలేకపోయాను. అంతే."

మరి ఆ శనివారం ఎందుకు లేచి అలా మాట్లాడావని అడగాలనిపించింది. ఆమె ముఖం చూసి ఊరుకున్నాను.

"నిన్న పులుసు నోట్లో ఎట్టుకొని, ఉప్పెక్కువైనట్టున్నాది అని పైకే అనుకున్నాను. ఎంటనే తిట్టినాడు. సేతికి అడ్డూ అదుపూ లేదని. బతికున్నప్పుడు కూడా అలగే తిట్టీవోడు." పెదవుల మీద చిన్న నవ్వు వచ్చి పోయింది.

"గోడ పగలగొట్టింది కోదండేనని కూడా చెప్పాడా?"

"సెప్పినాడు."

"నమ్మావా?"

సన్నెమ్మ తన చేతులు చూసుకుంది.

"అది అబద్దమని ఒప్పుకున్నాననుకోండి. అప్పుడు ఉప్పు మాట కూడా అబద్దమైపోద్ది గదా టీచరుగారూ. రెండూ ఒకే నోటి మాటలు."

పాసు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. గుమ్మం దిగుతూ తల ఒక పక్కకు వంచి ఏదో వింది. "వస్తన్నానుండు," అని మెల్లగా చెప్పి, త్వరత్వరగా నడిచి వెళ్ళిపోయింది.